రామానుజన్ పలక మీద చెరిపేసిన స్టెప్పులు



ఈ నెల 22న జాతీయ గణిత దినోత్సవం. అసెంబ్లీలో ఒకరిద్దరు పిల్లలు రామానుజన్ వేషం వేస్తారు, 1729 చార్టులు గోడలెక్కుతాయి, ఎవరో ఒకరు టాక్సీ కథ చెబుతారు. ఆ కథ మీ అందరికీ వచ్చు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. ఫౌండేషన్, ఒలింపియాడ్ పరీక్షల సీజన్ వచ్చిందంటే పేరెంట్స్ మీటింగులో దాదాపు అందరూ ఒకే మాట అంటారు. పిల్లవాడికి ఫార్ములాలన్నీ వచ్చు, మామూలు లెక్కలు గబగబా చేసేస్తాడు, కొంచెం మెలిక ఉంటే చాలు పెన్ను కింద పెట్టేస్తాడు అని. మరి ఏ మెటీరియల్ కొనాలి అని అడుగుతారు. ఈసారి మెటీరియల్ పేరు చెప్పే బదులు రామానుజన్ చదువుకున్న కథ చెబుతాను. ఆయన చేతిలో ఉన్నదీ ఒక కోచింగ్ పుస్తకమే. దానితో ఆయనకు జరిగిన మేలూ ఉంది, కీడూ ఉంది. రెండూ మనకు కావాలి.

శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబర్ 22న ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట్లో పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా, జీతం నెలకు సుమారు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. 1897లో ప్రైమరీ పరీక్షలో ఈ పిల్లవాడు జిల్లాలోనే ఫస్టు వచ్చాడు. మార్కుల పట్టింపు అతనికీ తక్కువేం కాదు. ఒక లెక్కల పరీక్షలో తనకు 45కి 42 వచ్చి, స్నేహితుడికి 43 వచ్చాయని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. కాబట్టి మీ అమ్మాయి ఒక్క మార్కు కోసం కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారు పడకండి.

టౌన్ హైస్కూల్లో చదువుతున్నప్పుడు పై తరగతి కుర్రాడొకడు ఇతని తెలివి చూద్దామని ఒక లెక్క ఇచ్చాడు. రెండు సంఖ్యలున్నాయి. మొదటిదాని వర్గమూలానికి రెండోది కలిపితే 7. మొదటిదానికి రెండోదాని వర్గమూలం కలిపితే 11. ఆ సంఖ్యలేవి? రామానుజన్ అర నిమిషంలో చెప్పాడట. 9, 4. ఇద్దరికీ అప్పటి నుంచి స్నేహం కుదిరింది.

ఈ లెక్క ఈరోజు మన ఫౌండేషన్ పుస్తకాల్లో కనిపించే బాపతే. కింద నాలుగు ఆప్షన్లు ఉంటే మన పిల్లలు ఒక్కొక్కటీ వేసి చూసి పది సెకన్లలో టిక్ పెట్టేస్తారు. పరీక్ష హాల్లో అది తప్పని నేను అనను, అక్కడ టైమే ముఖ్యం. ఇంట్లో మాత్రం ఇంకో ప్రశ్న వేయండి: ఇది కాక వేరే జవాబు ఉండదని ఎలా తెలుసు? కొంతసేపు తన్నుకోనివ్వండి. వర్గమూలాలకు క, చ అని పేర్లు పెడితే లెక్క ఇలా మారుతుంది.

క + చ² = 7
క² + చ = 11

మొదటిదాన్ని క − 3 = 4 − చ² అని రాయండి. కుడివైపుది (2 − చ)(2 + చ). రెండోదాన్ని క² − 9 = 2 − చ అని రాయండి. ఎడమవైపుది (క − 3)(క + 3). ఇందులో క − 3 ఉన్నచోట మొదటి వరుసలో దొరికినదాన్ని పెట్టేస్తే (2 − చ)(2 + చ)(క + 3) = 2 − చ అవుతుంది. ఇక రెండే దారులు. 2 − చ సున్నా కావాలి, లేదా (2 + చ)(క + 3) అనేది 1 కావాలి. క, చ వర్గమూలాలు కాబట్టి మైనస్ కాలేవు, ఆ లబ్ధం ఎంత తక్కువైనా 6 ఉంటుంది. అందుకని చ = 2, క = 3. వాటి వర్గాలే 4, 9. వేరే జవాబు లేదు.

ఇందులో కొత్త ఫార్ములా ఒక్కటీ లేదు. రెండు వర్గాల భేదం అంతే, ఎనిమిదో తరగతి పాఠం. మీ పిల్లలకు వచ్చినదే. ఎక్కడ 3 తీసేయాలో, ఎక్కడ 9 తీసేయాలో ముందు తట్టకపోవడమే మెలిక. 9, 4 అని జవాబు ముందే ఊహించినవాడికి ఆ 3, ఆ 9 ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోతుంది. ఊహించడం దొంగదారి కాదు, అది మొదటి మెట్టు. దాని మీదే ఆగిపోవడం దగ్గరే మా లెక్కల టీచర్లకు పేచీ.

ఇప్పుడు ఆ కోచింగ్ పుస్తకం సంగతి. 1903లో, పదహారేళ్లు నిండకముందు, రామానుజన్ చేతికి కాలేజీ లైబ్రరీ నుంచి స్నేహితుల ద్వారా ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. రాసినది జార్జ్ కార్, లండన్‌లో ప్రైవేటుగా కోచింగ్ ఇచ్చే మాస్టారు. కేంబ్రిడ్జిలో ట్రైపాస్ అనే గణిత పరీక్షకు కూర్చునే కుర్రాళ్ల కోసం రాసుకున్న నోట్సునే పుస్తకంగా వేశాడు. దాదాపు 5000 సూత్రాలు, సిద్ధాంతాలు నంబర్లు వేసి వరుసగా ఉంటాయి. రుజువులు చాలా చోట్ల ఉండవు, ఉన్నచోట ఒకటి రెండు లైన్లు. మన భాషలో చెప్పాలంటే ఫార్ములా హ్యాండ్‌బుక్. మీ పిల్లల బ్యాగులో ఇప్పుడు ఒకటి ఉండే ఉంటుంది.

గొప్ప పుస్తకమేమీ కాదు. ఆ పుస్తకంతో ఎంతో మంది పరీక్ష రాసి వెళ్లిపోయారు, వాళ్ల పేర్లు మనకు తెలియవు. రామానుజన్ దాన్ని బట్టీ పట్టలేదు. ఒక్కో సూత్రాన్నీ తానే లెక్కగా తీసుకుని, ఇది ఎందుకు నిజమో సొంతంగా తేల్చుకుంటూ పోయాడు. రుజువు లేకపోవడమే అతనికి కలిసొచ్చింది. చూసుకోవడానికి వెనకాల కీ లేదు! ఇంటి అరుగు మీద కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని, రాస్తూ మోచేత్తో తుడుస్తూ, మళ్లీ రాస్తూ. కాగితం కొనే స్థోమత లేదు. లెక్క తేలాక ఫలితం మాత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కేది. మధ్య స్టెప్పులన్నీ మోచేతికి అంటుకుని పోయేవి. ఈ మోచేతి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1904లో హైస్కూల్ పూర్తయ్యేసరికి గణితంలో రంగనాథరావు బహుమతి ఇచ్చారు, కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో స్కాలర్‌షిప్పుతో ఎఫ్.ఏ.లో చేరాడు. ఎఫ్.ఏ. అంటే ఇప్పటి ఇంటర్‌లాంటిది. లెక్కలతో పాటు ఇంగ్లీష్, సంస్కృతం, శరీరశాస్త్రం, గ్రీకు రోమన్ చరిత్ర. అతనికి లెక్కలు తప్ప ఏదీ కంటికి ఆనలేదు. ఇంగ్లీష్ పరీక్ష పోయింది, దాంతో స్కాలర్‌షిప్పూ పోయింది. ఒక టర్ము ఫీజు తండ్రి నెల జీతం కంటే ఎక్కువ. తల్లి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి బతిమాలారు, ఆయన కుదరదన్నారు.

1905 ఆగస్టులో ఆ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా రైలెక్కాడు. దిగింది ఎక్కడో తెలుసా, మన విశాఖపట్నంలో. వయసు పదిహేడు. ఇంట్లోవాళ్లు ఊళ్లన్నీ వెతికారు, ది హిందూ పేపర్లో తప్పిపోయాడని ప్రకటన వేయించారు. తర్వాత తిరిగొచ్చాడు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం మన రెండు రాష్ట్రాల పేపర్లలో ఏం చదువుతామో మీకు నేను చెప్పనక్కర్లేదు. విశాఖలో ఆ కుర్రాడికి ఏమైనా అయ్యుంటే డిసెంబర్ 22న మనం ఎవరి వేషమూ వేసేవాళ్లం కాదు. తిరిగొచ్చిన కొడుకును ఆ తల్లి మళ్లీ చదువుకు పంపింది. 1906లో మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరాడు. జబ్బు చేసింది. ఎఫ్.ఏ. పరీక్ష పోయింది. మరుసటి ఏడాది ప్రైవేటుగా కట్టాడు, మళ్లీ పోయింది. శరీరశాస్త్రంలో మార్కులు పదిలోపే ఉండేవి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు కదా అని పిల్లలు నాతో అప్పుడప్పుడు అంటుంటారు, సోషల్ చదవకపోవడానికి అదో సర్టిఫికెట్ అన్నట్టు. ఆ ఫెయిల్ ఆయనకు ఏం తెచ్చిపెట్టిందో వాళ్లకు తెలియదు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, కొన్నాళ్లు సరైన తిండి కూడా లేదు. ట్యూషన్లు చెబుదామన్నా నిలవలేదు. బి.ఏ. పరీక్షకు తయారవుతున్న ఒక విద్యార్థి కలన గణితం చెప్పించుకోవడానికి వస్తే రెండు వారాల్లో ఆగిపోయింది. సిలబస్ ఒకచోట ఉంటే గురువుగారు అనంతం దగ్గర ఉండేవారు! ఆ పిల్లవాడి తండ్రి స్థానంలో మీరుంటే మీరూ మాన్పించేవారే.

1909లో జానకితో పెళ్లయింది. ఇక సంపాదన తప్పదు. ఆయన నోట్‌బుక్‌లు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగారు. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు గారిని కలిశారు. ఆ కలెక్టరు గారికి గణితమంటే ఇష్టం, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో పనిచేసేవారు. నోట్‌బుక్ చూసి, నెలకు 25 రూపాయలు తన చేతి నుంచి పంపిస్తూ మద్రాసులో ఉండి లెక్కలు చేసుకోమన్నారు.

1911లో ఆ సొసైటీ పత్రికలో రామానుజన్ పాఠకులకు ఒక మెలిక లెక్క వేశారు. ప్రశ్న నంబరు 289. ఒక వర్గమూలం, దాని కడుపులో ఇంకో వర్గమూలం, దానిలో మరొకటి, అలా అంతం లేకుండా.

√(1 + 2√(1 + 3√(1 + 4√(1 + …))))

దీని విలువ ఎంత? ఆరు నెలలు గడిచాయి, మూడు సంచికలు వచ్చాయి, ఒక్కరూ జవాబు పంపలేదు. చివరికి ఆయనే చెప్పారు. జవాబు 3.

ఇది మీ పిల్లలతో తప్పకుండా చేయించండి. ముందు క్యాలిక్యులేటర్ ఇవ్వండి. లోపల 3 దగ్గర ఆపేస్తే, అంటే √(1 + 2√(1 + 3)) చేస్తే 2.24 వస్తుంది. 4 దాకా వెళితే 2.56. 5 దాకా వెళితే 2.76. ఎటు పోతోందో వాసన తగులుతుంది. ఇప్పుడు ఎదురు దిశలో నడవమనండి. 3 అంటే √9. 9 అంటే 1 + 8, అంటే 1 + 2 × 4. ఆ 4 అంటే √16, 16 అంటే 1 + 3 × 5. ఆ 5 అంటే √25, 25 అంటే 1 + 4 × 6. అలా విప్పుకుంటూ పోతే అదే ప్రశ్న మన కళ్లముందు తయారవుతుంది. అంతం లేనిది కాబట్టి పెద్ద తరగతుల్లో ఇంకో చిన్న రుజువు అడుగుతారు, ఎనిమిదో తరగతికి ఇంతవరకు చాలు.

చూశారా, మళ్లీ రెండు వర్గాల భేదమే. ఏ సంఖ్య తీసుకున్నా దాని వర్గంలోంచి 1 తీసేస్తే, దాని ముందు సంఖ్య, తర్వాతి సంఖ్య గుణిస్తే వచ్చేదే మిగులుతుంది. ఈ సూత్రం తెలియని గణిత పాఠకుడు ఆ పత్రిక చదివినవాళ్లలో ఉండడు. తెలిసినదాన్ని తిరగేసి చూడటం ఆరు నెలల్లో ఎవరికీ తట్టలేదు.

అందుకే మా క్లాసులో ఒక అలవాటు పెట్టాను, మీరూ ఇంట్లో చేయవచ్చు. మెలిక లెక్క వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు కీ మూసి ఉంచాలి, సొల్యూషన్ వీడియో పెట్టకూడదు. ఆ ఇరవై నిమిషాల్లో ఏమేం ప్రయత్నించారో పెన్నుతో రాయాలి, తప్పైనా కొట్టేయకుండా ఉంచాలి. పెద్ద సంఖ్యలుంటే చిన్నవి పెట్టి చూడాలి. లెక్క రాకపోయినా ఫర్వాలేదు, ఆ పేజీ నాకు చూపిస్తే చాలు. వారానికి ఇలాంటివి రెండు మూడు లెక్కలు అంతే. మిగతా రోజుల్లో వీక్లీ టెస్టుకు స్పీడు ప్రాక్టీసు ఎలాగూ ఉంది. పరీక్ష హాల్లో మాత్రం రెండు నిమిషాల్లో తెగని ప్రశ్నను వదిలేసి ముందుకు వెళ్లమనే నేనూ చెబుతాను. ఈ రెండు రకాల సాధననూ కలిపేసి, ఇంట్లో కూడా గడియారం పెట్టి నెత్తిన నిలబడితేనే పిల్లలు మెలిక చూడగానే పెన్ను కింద పెడతారు.

ఇక మోచేతి సంగతి. అదే ఏడు రామానుజన్ మొదటి పరిశోధనా వ్యాసం అదే పత్రికకు పంపితే సంపాదకులు పలుమార్లు తిప్పి పంపారు. ఫలితాలు బాగున్నాయి, మధ్యలో ఎలా వచ్చాయో చదివేవాళ్లకు అంతుపట్టలేదు. 1912 మార్చిలో మద్రాస్ పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరి 16న అక్కడి నుంచే కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశారు, సుమారు 120 ఫలితాలతో. హార్డీ ఆశ్చర్యపోయాడు, వెంటనే రుజువులు పంపమని అడిగాడు. ఎందుకంటే ఆ ఉత్తరంలో అద్భుతాలతో పాటు తప్పులూ ఉన్నాయి. ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో కచ్చితంగా చెప్పే సూత్రం అని పంపినది సరికాదు. స్టెప్పులు రాసుకుని తిరిగి చూసుకుని ఉంటే ఎక్కడ జారిందో ఆయనకే దొరికేదేమో.

హార్డీ గురించి ఒక చిన్న ముచ్చట. కార్ మాస్టారి పుస్తకం ఏ ట్రైపాస్ పరీక్ష కోసం పుట్టిందో, హార్డీ అదే పరీక్షలో 1898లో నాలుగో ర్యాంకు తెచ్చుకున్నవాడు. ఆ పరీక్ష, దాని కోచింగ్, ర్యాంకుల మోజు, మూడూ ఆయనకు గిట్టేవి కావు. దాన్ని మార్చాలని పోరాడినవాళ్లలో ఆయన ముందున్నాడు. 1909 తర్వాత కేంబ్రిడ్జి ఆ పరీక్షలో ర్యాంకుల వరుస ప్రకటించడం మానేసింది. అలాంటి మనిషి దగ్గరికి ఆ కోచింగ్ పుస్తకమే మద్రాసు నుంచి ఒక గుమాస్తాను పంపింది.

1914 మార్చి 17న రామానుజన్ ఓడెక్కారు. ట్రినిటీ కాలేజీలో హార్డీ, లిటిల్‌వుడ్ ఆయనకు రుజువు రాయడం అలవాటు చేశారు, ఆయన ఊహ శక్తిని నొప్పించకుండా. 1916లో కేంబ్రిడ్జి ఆయన పరిశోధనకు బి.ఏ. పట్టా ఇచ్చింది. ఎఫ్.ఏ. కూడా దాటని మనిషికి నియమాలు సడలించి ఇచ్చిన పట్టా అది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అప్పటికే యుద్ధకాలం, శాకాహారం దొరకని కష్టం, చలి, జబ్బు కలిసి ఆయనను మంచాన పడేశాయి. 1919లో తిరిగొచ్చారు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32. చివరి నెలల్లోనూ మంచం మీద లెక్కలు చేస్తూనే ఉన్నారు.

ఆయన వదిలి వెళ్లిన నోట్‌బుక్‌లలో వేల ఫలితాలు, చాలావాటికి రుజువు లేదు. అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్న్ట్ వాటిని ఒక్కొక్కటిగా రుజువు చేస్తూ ఐదు సంపుటాలు ప్రచురించాడు. మొదటిది 1985లో వచ్చింది, ఐదోది 1998లో. పలక మీద చెరిగిపోయిన స్టెప్పులను మళ్లీ కట్టడానికి అంత కాలం పట్టింది. మీ పిల్లలు రఫ్ వర్క్ చించి పారేయకుండా చూడమని మేం అడుగుతూ ఉంటే చాదస్తం అనుకోకండి.

చివరగా సంక్రాంతి సెలవులకు ఒక లెక్క. 1914 డిసెంబరులో కేంబ్రిడ్జిలో చదువుతున్న మహలనోబిస్, తర్వాత మన దేశంలో గణాంక శాస్త్రానికి పెద్ద దిక్కయినవారు, స్ట్రాండ్ అనే పత్రికలో వచ్చిన ఈ పజిల్ తెచ్చి రామానుజన్‌కు చదివి వినిపించారు. ఆ సమయానికి రామానుజన్ స్టవ్ మీద కూర కలుపుతున్నారు. గరిటె ఆపకుండానే, ఈ ఒక్క వీధికే కాకుండా ఇలాంటి వీధులన్నిటికీ సరిపోయే పద్ధతి చెప్పేశారు.

ఒక వీధిలో ఇళ్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయి, 1 నుంచి మొదలుపెట్టి నంబర్లు. ఒక ఇంటికి ఎడమవైపు ఉన్న నంబర్లన్నీ కూడితే ఎంతో, కుడివైపు నంబర్లన్నీ కూడినా అంతే. వీధిలో ఇళ్లు 50 కంటే ఎక్కువ, 500 కంటే తక్కువ. ఆ ఇంటి నంబరెంత, వీధిలో మొత్తం ఇళ్లెన్ని?

చిన్న వీధితో మొదలుపెట్టమనండి. 8 ఇళ్లున్న వీధిలో అది 6వ నంబరు ఇల్లు. ఎడమవైపు 1 నుంచి 5 వరకు కూడితే 15, కుడివైపు 7, 8 కూడినా 15. పెద్ద వీధి జవాబు ఈ సంచికలో ఎక్కడా లేదు. సెలవులయ్యాక పిల్లలు జవాబుతో వచ్చినా సరే, నిండిన రఫ్ పేజీలతో వచ్చినా సరే, నా టేబుల్ దగ్గరికి పంపండి.